ఉలవకట్టు ఇటలీ

మా ఇంటి నడిమి గదిలో ఒక పటం ఉంది. కొండ మీద ఊరు. ఇళ్లన్నీ ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్లు ఉంటాయి. నెత్తిన పొడుగాటి నలుచదరపు గోపురం, కింద మళ్లు, ఒక సన్నటి బాట. అది ఇటలీ దేశంలోని ఊరు. వేసింది నేను, నీటి రంగులతో. ఇటలీ నేను చూడలేదు. చూడకపోతే వేయకూడదని ఎక్కడా లేదు. కైలాసాన్ని పటాలుగా వేసినవాళ్లలో ఎవరు పోయి చూసి వచ్చారు? ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ దాని ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకొని, "పెనుకొండను బాగా వేసినారు సార్" అంటాడు. ఇప్పుడైతే కాఫీ ఇచ్చి పంపిస్తున్నాను గానీ, వయసులో ఉన్నప్పుడు ఆ మాట అన్నవాళ్లతో వారం రోజులు మాట్లాడేవాణ్ణి కాదు.

అసలు ఆ పటం ఊరివాళ్ల మెప్పు కోసం వేసింది కాదు. మా నాయన కోసం వేశాను. ఆయన నా బొమ్మను చూసి "బాగుండాది" అనాలి. అంతే నా కోరిక. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను తిరగేసి చేశాను. మద్రాసు పోయి డ్రాయింగు పరీక్ష పాసై, పెనుకొండ హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా కుదిరాను. పెనుకొండ బజార్లో నడిస్తే నలుగురు నమస్కారం పెట్టేవాళ్లు. ధర్మవరంలో మా ఇంటి గడప లోపల మాత్రం, రంగు నిలవని పనిలో పడి చెడిపోయిన రెండో కొడుకుని.

మాది మగ్గం ఇల్లు. పట్టుచీరలు నేసేవాళ్లు మా వీధిలో ఇంటికొకరు ఉన్నారు గానీ, పట్టుకు రంగు వేయడంలో మా నాయన తరువాతే ఎవరైనా. ఆయన వేసిన రంగు చీర చినిగినా పోదని పేరు. ఆయనకు రెండు పరీక్షలు ఉండేవి. ఒకటి, ఏ కొత్త రంగు కనబడినా కాస్త తీసి పంచె అంచుకు రాసి, గడప దగ్గర వెలుతురుకు పట్టి చూడటం. అందువల్ల ఆయన పంచెలన్నిటికీ అడుగున జానెడు మేర రంగు మచ్చలు. అమ్మ ఉతికి ఉతికి విసిగిపోయి, "ఈయప్ప పంచెకు ఎవురూ అంచు నేయాల్సిన పని లేదు" అనేది. రెండోది, వేలు నాలుకకు తడిచేసుకొని ఆరిన రంగు మీద గట్టిగా రుద్దటం. వేలికి అంటిందా, ఆ దారం మళ్లీ రంగుబానలోకి పోవలసిందే. ఎదుటివాడి దారమైనా సరే, పెళ్లికూతురు కట్టుకున్న చీరైనా సరే, ఆయన వేలుకు మొహమాటం తెలియదు.

అలాంటి మనిషికి నీటి రంగులతో బొమ్మలు వేసే కొడుకు పుట్టాడు. నీళ్లు తగిలితే పోయే రంగు రంగే కాదని మా వీధిలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. పరీక్ష పాసైన కొత్తలో ఒక చిలుకను వేసి తీసుకుపోయాను. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వేలు తడిచేసుకొని రెక్క మీద రుద్దాడు. రెక్క పోయింది. పచ్చబడిన వేలిని నాకే చూపించి, "పోతాండాది" అన్నాడు. రెండోసారి ధర్మవరం స్టేషను వేసుకుపోయాను. ఇంజను పోయింది. మూడోసారి, కట్టుకున్న భార్య బొమ్మ మీద చెయ్యి వేయడులే అనుకొని, సెలవుల్లో అమ్మను పీట మీద కూర్చోబెట్టి నాలుగు రోజులు కష్టపడి వేశాను. నాయన వచ్చి ముక్కు మీద రుద్దాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వి, "పోనీలే అబ్బయ్యా, ముక్కుపుడక మిగిలింది" అంది. మూడుసార్లూ నాయన నోట వచ్చింది ఆ ఒక్క మాటే, పోతాండాది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నా ఉక్రోషం మీకు అర్థం కాదు. రంగు పనిలో ఒకరి రంగును ఇంకొకరు ఎట్లా కలిపావని అడగరు. అడిగితే, నువ్వు నాకంటే పనిమంతుడివి అని ఒప్పుకొని తల వంచినట్లే. చెప్పేవాడు కూడా చెప్పడు. కొడుక్కి చెబుతాడు, అదీ కొడుకు పనికొస్తాడని తోచినప్పుడు. నాకు పదిహేడేళ్లప్పుడు ఒకనాడు నాయన మా అన్నను పెరట్లో రంగుబాన దగ్గరకు పిలిచి, నేరేడుపండు రంగు కలపడం చెప్పడానికి కూర్చోబెట్టాడు. నన్ను చూసి, "నువ్వు అంగడికి పోయి సబ్బు తేపోరా" అన్నాడు. సబ్బు ఇంట్లో ఉంది. ఉందని ఆయనకూ తెలుసు. నేను పరుగున పోయి పరుగున వచ్చి గోడ చాటున నిలబడితే, నా చెవిన పడింది చివరి ముక్క ఒక్కటే. "ఎవురికీ చెప్పొద్దు" అంటున్నాడు నాయన. ఆ పొద్దు అన్నను అడిగాను, ఏమి చెప్పినాడు అని. "ఏమీ లేదు" అన్నాడు అన్న. మా ఇద్దరికీ నడుమ అప్పటిదాకా దాపరికం లేదు, ఒకే దుప్పటి కప్పుకొని పెరిగినవాళ్లం. ఆ "ఏమీ లేదు" నన్ను చాలా ఏళ్లు కాల్చింది.

ఇక ఇటలీ విషయానికి వస్తాను. హిందూపురంలో ఒక బెల్లం మండీలో గుమాస్తాగా ఉన్నవాడు నాకు స్నేహితుడు. ఆదివారాలు రైలెక్కి అతని దగ్గరకు పోయి కబుర్లు చెప్పుకొని వచ్చేవాణ్ణి. ఆ మండీ గోడకు ఏదో పరదేశపు యంత్రాల కంపెనీవాళ్ల క్యాలెండరు వేలాడేది. దాని ఏడాది ఎప్పుడో అయిపోయింది. దాని వెనక గోడ పెచ్చు ఊడి ఉండటంతో ఎవరూ తీయలేదు. జూన్ నెల కాగితం మీద ఆ కొండ ఊరి ఫోటో, నలుపూ తెలుపూ. కింద ఇంగ్లీషులో ఊరి పేరు ఉన్నచోట బెల్లం చేతులు పడీ పడీ నల్లగా అట్టకట్టింది. ఇటలీ అన్న మాట ఒక్కటి మిగిలింది.

దాని మీదినుంచి నా కళ్లు పక్కకు పోలేదు. మన దిక్కున కొండ మీద కోట ఉంటుంది, దేవుడుంటాడు, కోతులుంటాయి. మనుషులు మాత్రం కింద ఉంటారు. ఇక్కడ ఊరికి ఊరే కొండ నెత్తికెక్కింది. గుమాస్తా కూడా ఆ ఫోటోను నాతోపాటు తొలిసారి సరిగ్గా చూశాడు. చూసి, "అంత ఎత్తుకు నీళ్లెట్ల మోస్తారప్పా?" అన్నాడు. ఆ తరువాత నా పటం చూసిన మా జిల్లావాళ్లు ఎవరూ ఆ ప్రశ్న వేయకుండా పోలేదు. నాకు ఈ రోజుకీ జవాబు తెలియదు. "నీకు కావల్లంటే తీసుకపోప్పా, మా సావుకారి ఏమీ అనడులే" అని ఆ కాగితం చింపి ఇచ్చి, పెచ్చు ఊడిన చోట లక్ష్మీదేవి పటం తగిలించాడు.

పెనుకొండలో నేను ఒక అవ్వ ఇంట్లో వసారా గది అద్దెకు తీసుకొని ఉండేవాణ్ణి. అవ్వకు నోరు పెద్దది, పెట్టే చెయ్యి ఇంకా పెద్దది. నాకు వంట రాదని తెలిసి రోజూ తనే వండి పెట్టేది. ఆమెకు వచ్చిన వంట ఒకటే, రాగిసంగటీ ఉలవకట్టూ. ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను, ఉలవలు ఉడికిన నీళ్లను వంపి, చింతపులుసూ మిరపకారమూ వెల్లుల్లీ వేసి మరగకాస్తే ఉలవకట్టు. చిక్కగా ఉంటుంది, రంగు ఎర్రమన్నుకూ నలుపుకూ మధ్యన ఎక్కడో ఉంటుంది.

ఆ గదిలో కిటికీ పక్కన కూర్చొని బొమ్మ మొదలుపెట్టాను. గీత చక్కగా కుదిరింది. చిక్కంతా రంగులో వచ్చింది. ఫోటో నలుపూ తెలుపూ కదా, ఇటలీలో రాయి ఏ రంగులో ఉంటుందో చెప్పేవాడు లేడు. కిటికీలోంచి చూస్తే పెనుకొండ కొండ నిలువెత్తున కనబడేది. రాయి ఎక్కడైనా రాయే, ఆకాశం ఎక్కడైనా ఆకాశమే అనుకొని, కనబడిన రంగులు వేసేశాను. అదే నేను చేసిన పొరపాటని అప్పుడు తెలియలేదు. ఇళ్ల గోడలు మాత్రం లొంగలేదు. బెంగళూరు నుంచి తెచ్చుకున్న రంగుబిళ్లల్లో ఏది ఎట్లా కలిపినా ఆ గోడలు నిన్న సున్నం కొట్టినట్లు ఉన్నాయి గానీ, ఎండకు ఎండి వయసు మళ్లిన గోడల్లా లేవు. మూడు కాగితాలు చింపి పారేశాను. నాలుగోది వేస్తుండగా ఆదివారం మధ్యాహ్నం అవ్వ వచ్చి, సంగటి ముద్ద, ఉలవకట్టు గిన్నె నా పక్కన పెట్టి, "చల్లారిపోతాది, తిను సామీ" అని చెప్పి పోయింది. నేను తలెత్తలేదు. కుంచెను నీళ్ల డబ్బాలో ముంచాననుకొని ఉలవకట్టులో ముంచాను. చూసుకోకుండా తీసి గోడ మీద పెట్టాను.

గోడ మీద ఎండ పడింది. నిజంగా పడింది. కుంచెను ముక్కు దగ్గర పెట్టుకుంటే వెల్లుల్లి వాసన. ఒక నిమిషం ఆలోచించాను. నా చదువేమిటి, నేను పాసైన పరీక్షేమిటి, ఇదేమిటి అనుకున్నాను. అనుకుంటూనే రెండో గోడకు కావాలనే ముంచాను. తరువాత మూడోది. ఆ పూట సంగటి వట్టిదే తిన్నాను. అవ్వ వచ్చి గిన్నె ఖాళీగా ఉండటం చూసి మురిసిపోయి, "నచ్చిందేమో, ఇంకొంచెం తెచ్చేదా?" అంది. తెమ్మన్నాను. గోపురం ఇంకా మిగిలి ఉంది.

మరునాడు పొద్దున లేచేసరికి ఇటలీకి చీమలు పట్టాయి. ఒక్క వరుసలో బాట వెంబడి ఎక్కి, ఇళ్ల మధ్యగా గోపురం దాకా పోతున్నాయి. అవ్వ వంగి చూసి, "నీళ్లు మోస్తాండారు చూడు" అంది. ఆమెకు నవ్వులాటగా ఉంది, నాకు తల ప్రాణం తోకకు వచ్చింది. అటు చీమలు, ఇటు దసరా సెలవులు దగ్గర పడుతున్నాయి. ఈ రెండింటినుంచీ, అంటే చీమల నోటినుంచీ మా నాయన వేలినుంచీ ఇటలీని కాపాడాలంటే ఒకటే దారి, అద్దం వేయించడం.

ఆ లోపల చూసినవాళ్లంతా చూశారు. హెడ్‌మాస్టరు కళ్లజోడు సర్దుకొని, "బ్రహ్మాండంగా ఉంది. రాయలవారి గగనమహల్ ఎందుకు వదిలేశారు?" అన్నారు. ఇది ఇటలీ సార్ అన్నాను. "అవుననుకోండి, అయినా గగనమహల్ ఉంటే బాగుండేది" అన్నారు. స్కూలు అటెండరు ఇంకా కష్టపెట్టుకున్నాడు. పెనుకొండ కోటగుమ్మం దగ్గర ఉండే ఆంజనేయస్వామి పటంలో లేడు. "సామిని వదిలిపెట్టి కోట వేస్తే ఊరికి మంచిది గాదు సార్. ఒక మూలన పెట్టేయండి, చిన్నగా ఉన్నా పర్వాలేదు" అన్నాడు. ఇది ఇటలీ, అక్కడ ఆంజనేయస్వామి ఉండడు అని అరిచాను. "ఆయప్ప లేని చోటు యాడుండాది సార్" అన్నాడు. అవ్వ అయితే పటం ముందు గొంతుక్కూర్చొని, తన ఇల్లు యాడుందో చూపించమని అడిగింది. ఇది మన ఊరు కాదవ్వా, ఇటలీ అన్నాను. "అట్లనా" అంది. కాసేపు చూసి, "అయితే మా ఇల్లు కొండకు వెనక పక్కన ఉంటాదేమోలే" అని లేచిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పటాన్ని గుడ్డలో చుట్టుకొని హిందూపురం పోయాను. అక్కడ పటాలు కట్టే అంగడి ఒకటి ఉండేది. ఆయన గుడ్డ విప్పకముందే, "దేవుడా, పెద్దలా?" అని అడిగాడు. ఆయనను తప్పుపట్టడానికి లేదు. ఆ రోజుల్లో అద్దం వెనక ఉండే యోగ్యత దేవుళ్లకూ చచ్చిపోయినవాళ్లకూ తప్ప ఇంకెవరికీ లేదు. రెండూ కాదు, ఊరు అన్నాను. "ఊరికి పటమెందుకప్పా, ఊరు ఆడనే ఉంటాది కదా" అన్నాడు. తరువాత పటాన్ని దగ్గరకు తీసుకొని ముక్కు ఎగబీల్చాడు. "ఏదో చారు వాసన వస్తాండాదే" అన్నాడు. కొత్తరకం రంగు, పరదేశానిది అని చెప్పాను. సాయంత్రం రమ్మన్నాడు.

సాయంత్రం పోతే పటం సిద్ధంగా ఉంది. బంగారు నీరు పూసిన కట్టు, మంచి అద్దం, మూలమూలకూ జరీ కాగితం. అద్దం మీద, సరిగ్గా గోపురం కొసన, అర్ధరూపాయి అంత కుంకుమ బొట్టు. కట్టుకు అడ్డంగా కాగితం పూలదండ. దండ తీసేయించాను గానీ, బొట్టు దగ్గర ఇద్దరం కొట్లాడుకున్నాం. అది చర్చి గోపురం అన్నాను. "గోపురమా కాదా?" అన్నాడు. గోపురమే అన్నాను. "గోపురం కనబడె, బొట్టు పెడితిని. నా అంగట్లో బొట్టు లేకుండా పటం గడప దాటదు. పెట్టిన బొట్టు నా చేత్తో తుడవను. నువ్వు తుడుచుకో. రేపు ఏమన్నా అయితే నా మీద పడొద్దు" అన్నాడు. నాకు ఇలాంటి నమ్మకాలు లేవు. కానీ నాలుగు రోజుల్లో నాయన ముందు నిలబడవలసినవాణ్ణి, కొత్తగా ఏదీ నెత్తిన వేసుకోదలచలేదు. తుడవలేదు. తిరుగు రైల్లో ఎదురు బల్ల మీద కూర్చున్న పెద్దావిడ పటం వైపు చాపిన కాళ్లు ముడుచుకొని, రెండు చెంపలూ వేసుకుంది.

ఆయుధపూజ రోజు ధర్మవరం చేరాను. మగ్గం కడిగి పసుపూ కుంకుమా పెట్టి ఉన్నారు. అన్న మగ్గం కింద కాళ్లు దింపే గుంత అంచున కూర్చొని కొబ్బరిచిప్ప కొరుకుతున్నాడు. నేను పటాన్ని మగ్గం గుంజకు ఆనించి, ఏమీ ఎరగనట్లు పక్కన నిలబడ్డాను. నాయన వచ్చాడు. పటం చూశాడు. ముఖంలో ఏ మార్పూ లేకుండా వేలు నాలుకకు అద్దుకొని, ఇళ్ల మీద పెట్టి రుద్దాడు. అద్దం కీచుమంది. వేలు చూసుకున్నాడు, శుభ్రంగా ఉంది. ఇంకొంచెం తడిచేసుకొని ఇంకా గట్టిగా రుద్దాడు. ఏమీ రాలేదు. అమ్మ వంటింటి గుమ్మంలోంచి, "ఇప్పుడేం చేస్తావు?" అంది. ఇరవై ఆరేళ్లొచ్చినవాణ్ణి, లోపల గంతులేశాను. అంతలో నాయన వేలు పైకి పోయి బొట్టు మీద ఆగింది. రుద్దాడు. ఎర్రబడిన వేలిని నా ముందు పెట్టి, "పోతాండాది" అన్నాడు.

"అది నాది కాదు నాయనా, హిందూపురం అంగడివాడిది" అన్నాను. గొంతు ఏడుపులాగా వచ్చింది. నాయన నన్ను ఒకసారి చూసి, వేలిని పంచెకు తుడుచుకొని, పటాన్ని రెండు చేతులతో ఎత్తి గడప దగ్గరకు పట్టుకుపోయాడు. చీరను చూసినట్లే వెలుతురులో పెట్టి చూశాడు. వేలు పెట్టకుండా నా బొమ్మను ఆయన చూడటం అదే మొదటిసారి. ఎంతసేపు చూశాడో చెప్పలేను, అన్న కొబ్బరిచిప్ప అయిపోయింది.

"ఇది యా ఊరు?" అన్నాడు నాయన. నేను నోరు తెరిచేలోపలే అన్న, "పెనుకొండ కదా, తెలుస్తానే ఉండాది" అన్నాడు. నాయన తల తిప్పకుండా, "పెనుకొండ గాదులేరా. పెనుకొండలో కొండ మీద మిద్దెలు యాడుండాయి? ఊరు ఎవురిదో. రంగు మాత్రం మనది" అన్నాడు.

ఇంతమంది చూశారు, చదువుకున్నవాళ్లు చూశారు, ఒక్కడంటే ఒక్కడు అది పెనుకొండ కాదని ఒప్పుకోలేదు. రైల్లో హిందూపురం దాటి ఎరగని మా నాయన ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే నేను చేసిన తప్పేమిటో ఒక్క ముక్కలో చెప్పేశాడు. నాకు సంతోషమూ, సిగ్గూ, ఏడుపూ అన్నీ ఒకేసారి వచ్చాయి. ఇక "బాగుండాది" అంటాడు, ఇప్పుడు అంటాడు అని నిలబడ్డాను.

ఆయన అనలేదు. గోడల మీద గోరు పెట్టి, "ఈ రంగు ఎట్ల కలిపితివి?" అని అడిగాడు.

అన్న గుంత అంచునుంచి లేచి నిలబడ్డాడు. అమ్మ చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. మా నాయన ఒకరిని రంగు అడగడం మా ఇంట్లోగానీ మా వీధిలోగానీ ఎవరూ ఎరగరు. అడిగింది నన్ను. నేనేమని చెప్పను? ఉలవకట్టు నాయనా, చింతపులుసు కొంచెం ఎక్కువ పడింది అని చెప్పనా? నీళ్లకు పోయే రంగునే రంగు కాదనే మనిషికి, చీమలు తినే రంగు అని చెప్పనా? చివరికి, "చెప్పను" అన్నాను. అంటూనే కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడుతుందేమో అనుకున్నాను, ఆ వయసులో కూడా. కళ్లు తెరిచేసరికి నాయన మేకు కోసం వెతుకుతున్నాడు. మగ్గంలో కూర్చుంటే ఎదురుగా కనబడే గోడకు పటాన్ని తనే తగిలించి, భోజనానికి పోయాడు.

తరువాత నాలుగు నెలలు నాకు నరకం. అన్న పెనుకొండకు వచ్చినప్పుడల్లా ఒకటే కబురు. నాయన ఆ రంగు పట్టుకోవడానికి పడరాని పాట్లు పడుతున్నాడట. దానిమ్మ తొక్కలు కాచాడు, కరక్కాయ కాచాడు, బెంగళూరు రంగు పొట్లాలు ఒకదానిలో ఒకటి కలిపాడు. ఒకటి రాయిరంగు వస్తుందట, ఒకటి పేడరంగు వస్తుందట, అది మాత్రం రాలేదు. పంచెలకు మోకాళ్లదాకా మచ్చలు. "నాకన్నా చెప్పరా, నేనే కనిపెట్టినట్లు చెప్తా. ముసలాయన తిండి కూడా సరిగా తినడంల్యా" అన్నాడు అన్న. నాకు పాపం అనిపించింది. అయినా చెప్పలేకపోయాను. తెలిస్తే ఇక జన్మలో నా బొమ్మ వైపు చూడడు. ఆయన అడిగిన ఆ ఒక్క మాట నాకు మిగలదు.

చెప్పనక్కర లేకుండా చేసింది పెనుకొండ అవ్వ. మాఘమాసంలో రెండు రోజులు సెలవు వస్తే ధర్మవరం బయలుదేరాను. బయలుదేరేటప్పుడు అవ్వ ఒక గుడ్డమూట నా సంచిలో కుక్కింది. ఇంటికి పోయి అమ్మ విప్పితే ఉలవలు. మా ఇంట్లో ఉలవలు వండటం మానేసి చాలా ఏళ్లయింది, నాయనకు వేడి చేస్తాయని. ఇంతలో అన్న అందుకొని, "వీడికి ఉలవకట్టు అంటే ప్రాణమంట. ఆ అవ్వ నాకు చెప్పింది, పూటకు రెండు గిన్నెలు తాగుతాడంట" అన్నాడు. అమ్మ మురిసిపోయి పొయ్యి మీద పెట్టింది. వద్దమ్మా, పప్పు చాలు అంటే వినలేదు. "మొగమాటపడొద్దు, మీ నాయనకు పప్పు వేస్తాలే" అంది.

మధ్యాహ్నం ముగ్గురం వరుసగా కూర్చున్నాం. నాయన, నేను, అన్న. ఎదురుగా గోడకు ఇటలీ. అమ్మ నా ముందు గిన్నె పెట్టింది, నిండా ఉలవకట్టు. నేను గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టుకొని గబగబా తినబోయాను. నాయన చెయ్యి ఆగింది. గిన్నెలోకి చూశాడు. తలెత్తి గోడ వైపు చూశాడు. మళ్లీ గిన్నెలోకి చూశాడు. ఎడమచేతి వేలు నా గిన్నెలో ముంచి, పంచె అంచుకు రాసి, ఎంగిలిచేత్తోనే లేచి గడప దగ్గరకు పోయి వెలుతురుకు పట్టాడు. అక్కడనుంచి పటం దగ్గరకు పోయి, పంచె అంచును అద్దానికి ఆనించి, కన్ను ఒకటి మూసి చూశాడు. అమ్మ, "ఏమాయె, ఈగ పడిందా?" అంది. నాయన వచ్చి కూర్చొని, పప్పు కలుపుకొని, చివరి మెతుకుదాకా తిన్నాడు.

నేను తల దించుకొని ఆ మాట కోసం ఎదురు చూస్తున్నాను. పోతాండాది అంటాడు. లేదా నవ్వుతాడు, వీధిలో అందరికీ చెప్పి నవ్వుతాడు. అన్న తినడం అయిపోయి పెరట్లోకి చేతులు కడుక్కోవడానికి పోయాడు. అమ్మ మజ్జిగ కోసం లోపలికి పోయింది. అప్పుడు నాయన నా వైపు వంగాడు. వక్కపొడి వాసన, పట్టు వాసన, రంగు వాసన.

"ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం ఎక్కువైందనుకొని అమ్మ మజ్జిగ పోసింది. సాయంత్రం అన్న మగ్గం దగ్గర నన్ను పట్టుకొని, గొంతు తగ్గించి, "నేను చేతులు కడుక్కుంటాంటే నీ చెవిలో ఏమి చెప్పినాడురా నాయన?" అని అడిగాడు.

"ఏమీ లేదు" అన్నాను.